ఇసుక చొక్కా తొడిగిన నలభై రోజులు

పరీక్షకు 41 రోజులు

డాక్టరు వహీదా గారు రోజూ ఒక ముక్క రాసి పెట్టమన్నారు. ఎంత బరువు, ఎన్ని నిమిషాలు, ఎక్కడ నొప్పి. అంతకు మించి రాయడం నాకు అలవాటు లేదు. కానీ ఎందుకు మొదలైందో ముందు చెప్పాలి కదా. నిన్నటి పొద్దుతో మొదలుపెడతాను.

నిన్న ఐదింటికి లేచాను. వీధి దీపాలు ఇంకా సగమే వెలుగుతున్నాయి. చంద్రుడి మీద మా ఊరు నేల కింద రాతి గొట్టంలో ఉంటుంది కాబట్టి తెల్లవారడమంటే ఎవరో మీట నొక్కడమే. రెండు చెంబుల స్నానం చేశాను. ఇక్కడ నీళ్ళు ఒంటి మీంచి తొందరపడి జారవు, అరచేత్తో దులుపుకోవాలి. దేవుడి అరలో బల్బు దీపం వేశాను. నిప్పు వెలిగించడానికి ఊళ్ళో అనుమతి లేదు. ఆయనకి తెలుసు. ఒక మాల జపం చేసుకుని వంటగదిలోకి వచ్చాను.

ఉప్మాకి పోపు వేసి మూత పెట్టాను. మా తమ్ముడు శేషగిరి వచ్చి, "ఏం వాసనక్కయ్యా!" అంటూ మూత తీసేశాడు. యాభై ఒక్క ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నవాడు, ఆ మాత్రం తెలియదా! ఆవాలన్నీ ఎగిరి కప్పుకి తగిలాయి. అవి తాపీగా దిగి వస్తుంటే నోరు తెరుచుకుని కింద నిలబడ్డాడు.

"పడింది! ఇంకోటి! మూడు!"

"అన్నయ్యని ఇలాగే ఫొటో తీసి వర్క్‌షాపు గోడకి అంటించాలి," అంది మా చెల్లెలు మధుర. తల దువ్వుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది.

అప్పుడు తెర మోగింది. మధుర కూతురు ప్రణవి. అది ఉండేది చక్రంలో. భూమి చుట్టూ తిరిగే ఆ ఊరు తన చుట్టూ తను కూడా తిరుగుతుంది. అందుకే అక్కడ మనిషికి భూమ్మీద ఉన్నంత బరువుంటుంది. కాన్పులన్నీ అక్కడే జరగాలని నియమం. ఇక్కడి తేలికలో బిడ్డ ఎముక గట్టిపడదట.

"అమ్మా, ఇంకో యాభై రోజులన్నారు," అంది ప్రణవి. "మొదటి పురుడు పుట్టింటివాళ్ళదే కదా. నేను పుట్టింటికి రాలేను. పుట్టిల్లే నా దగ్గరికి రావాలి. వస్తావా?"

మధుర చేతిలోంచి దువ్వెన జారింది. అది నేలకి చేరేలోపే వంగి పట్టుకుని, "వస్తానే తల్లీ," అంది.

వస్తాననడం తేలిక. నలభై ఐదు దాటినవాళ్ళు చక్రానికి వెళ్ళాలంటే పరీక్ష గట్టెక్కాలి. భూమి బరువుతో అరగంట నిలబడాలి, తర్వాత నలభై మెట్లు ఎక్కాలి. ఇక్కడ మన బరువు భూమ్మీద బరువులో ఆరో వంతు. అంటే పరీక్షలో మధుర తనలాంటి మరో అయిదుగురిని నెత్తిన మోసినట్టు. దాని వయసు నలభై తొమ్మిది. పాతికేళ్ళుగా పిల్లలకి సంగీతం చెప్పడం తప్ప ఒళ్ళు వంచింది లేదు.

ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆమె మధుర మోకాళ్ళు నొక్కి చూసి, "బరువు చొక్కా తొడుక్కుని నడవండి. నలభై రోజులు సరిపోతాయి, తొందరపడకపోతే," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మీరూ తొడుక్కోవాలి. పరీక్ష యంత్రానికి రెండు పక్కలా మనుషులు ఉండాలి. ఒక్కరితో తిప్పితే తూకం తప్పుతుంది."

ఆ యంత్రాన్ని ఊళ్ళో అందరూ రంకులరాట్నం అంటారు. నాకు యాభై ఆరేళ్ళు. రాట్నం ఎక్కే వయసా అనుకున్నాను. చెల్లెలి ముఖం చూసి సరే అన్నాను.

పరీక్షకు 40 రోజులు

చొక్కాల కోసం సామాన్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టు చూసే వీర్రాజు గారు మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇది నీళ్ళదండి. ఖాళీగా ఉంటే మడత పెట్టుకోవచ్చు. కాపోతే మీరు ఆగినా లోపల నీళ్ళు ఆగవండి. అటూ ఇటూ ఊగుతాయి, మీరూ ఊగుతారు. ఇది ఇనప పలకలది. దిట్టమైందే గానీ, వంగితే గెడ్డానికి తగులుద్దండి. ఇది ఇసుక సంచులది. చిన్న చిన్న జేబులు, ఒంటికి సర్దుకుపోద్ది. ఆయ్."

"నీళ్ళది తొడుగుతాను," అంది మధుర. ఎందుకంటే రంగు బాగుందట. తొడుక్కుని రెండడుగులు వేసి ఆగింది. చొక్కా గుడగుడమంది. మూడో అడుగు తను వెయ్యలేదు, చొక్కా వేయించింది. వెళ్ళి వీర్రాజు గారి మీద పడింది.

"చెప్పేను కదండీ," అన్నారాయన, గోడకి అతుక్కుపోయి.

ఇసుకవి రెండు తీసుకున్నాం. డాక్టరు చెప్పిన గుర్తులు చూశాను. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీకి అడ్డం రాకూడదు. గెంతి చూస్తే చొక్కా మనతోనే లేవాలి, మనతోనే దిగాలి. ముందు ఎంతో వెనక అంతే ఉండాలి. మధుర నాలుగుసార్లు గెంతింది. ఒకసారి చాలు. మిగతా మూడూ సరదాకి.

మొదట పద్దెనిమిది కిలోల ఇసుక. ఇక్కడ భుజానికి మూడు కిలోలంతే తెలుస్తుంది. పదిరోజులకి ఆరు కిలోలు పెంచుకోవచ్చు. అంతకంటే వద్దన్నారు.

పరీక్షకు 39 రోజులు

పద్దెనిమిది కిలోలు, పదిహేను నిమిషాలు. నొప్పి లేదు.

నడవడం తేలికే. ఆగడమే రాదు. భుజం మీద మూడు కిలోలే అనిపించినా, జోరు మీద ఉన్నప్పుడు అది పూర్తి పద్దెనిమిది కిలోలూ. మనం ఆగుదామనుకున్నాక అది ఇంకో రెండడుగులు లాక్కుపోతుంది. డాక్టరు ముందే చెప్పారు: "ముందు నడక కాదు, ఆగడం నేర్చుకోండి. మలుపులో పరిగెత్తొద్దు."

నేను మొదటి రోజంతా ఆగడమే చేశాను. మూడడుగులు, ఆగు. మూడడుగులు, ఆగు. మధుర నన్ను దాటుకుంటూ, "అక్కయ్యా, నువ్వు నడుస్తున్నావా, నైవేద్యం పెడుతున్నావా?" అంది. దారి పక్కన పుట్టగొడుగులు పెంచే తొట్ల దగ్గర పనిచేసేవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

పరీక్షకు 36 రోజులు

పద్దెనిమిది కిలోలు, ఇరవై నిమిషాలు. నడిచేటప్పుడు జపం కూడా సాగుతోంది. నాలుగు మాలలైతే అరగంట. గడియారం చూడనక్కర్లేదు.

శేషగిరి రోజూ సాయంత్రం మా చొక్కాలు విప్పి సంచుల కుట్లు చూస్తున్నాడు. ఎప్పుడూ లేనిది ఇంత శ్రద్ధ ఎందుకో అడగలేదు. "మేనకోడలి పురుడక్కయ్యా, నా వంతు సాయం," అన్నాడు. సంతోషించాను.

పరీక్షకు 30 రోజులు

ఇవాళ ఇరవై నాలుగు కిలోలకి పెంచాం. ఇరవై ఐదు నిమిషాలు. నాకు వీపు కొంచెం బిగిసింది. ఒకరోజు విడిచి ఒకరోజు నడవమన్నారు కాబట్టి రేపు విశ్రాంతి.

మధుర నాకంటే ముందే అలిసి కూర్చుంది. "నాకు పెద్దతనం వచ్చేసిందే అక్కయ్యా. మొన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా!" అంది. ముఖం మాడ్చుకుంది. రెండు నిమిషాలకే మళ్ళీ లేచి, ప్రణవికి బిడ్డ పుడితే పాడే పాట ఎత్తుకుంది. సగం దూరం పాడుతూ, సగం దూరం ఆయాసపడుతూ నడిచింది. ఊపిరి అందనప్పుడు పాట ఆపేసి చేతులతో తాళం వేసింది. పుట్టగొడుగుల వాళ్ళు కూడా తాళం వేశారు. ఈ మధ్య మేం వచ్చే వేళకి వాళ్ళు పని ఆపి కూర్చుంటున్నారు.

పరీక్షకు 25 రోజులు

మధుర కుడికాలి పిక్క ముందు ఎముక లాగుతోందంది. డాక్టరుకి చెబుదామన్నాను.

"చెబితే ఆపెయ్యమంటుంది. నువ్వు పుస్తకంలో రాయకు."

రాశాను.

పరీక్షకు 19 రోజులు

ఇవాళ జరిగినదంతా రాస్తాను.

పొద్దున్న పదింటికి బయల్దేరాం. ముప్పై కిలోలు. నేను వెనక, మధుర ముందు. మూడో మలుపు దగ్గర వీర్రాజు గారు గుమ్మడి వడియాలు ఆరబెడతారు. పై దీపాల వేడికి బాగా ఎండుతాయని అక్కడ తడికెలు పరిచి, వాటిమీద వందలకొద్దీ వడియాలు పెట్టి కాపలా కూర్చుంటారు.

మధురకి ఇవాళ ఉత్సాహంగా ఉంది. పొద్దున్నే ప్రణవి కడుపులో బిడ్డ తన్నులు తెర మీద చూపించింది. "చూశావా ఎలా తంతోందో! బిడ్డ నడవకముందే నేను పరిగెత్తాలి!" అంటూ పరుగు తీసింది.

"మధురా, మలుపు!" అని అరిచాను.

మధుర తిరిగింది. చొక్కా తిరగలేదు. చెల్లెల్ని నేరుగా తీసుకెళ్ళి వడియాల మీద పడేసింది.

చప్పుడు పెద్దగా రాలేదు. ఇక్కడ పడడం కూడా నెమ్మదే. కానీ తడికెలు లేచాయి, వడియాలు లేచాయి. వందలకొద్దీ వడియాలు దీపాల దాకా వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మెల్లగా కురవడం మొదలుపెట్టాయి. వీర్రాజు గారు రెండు చేతులూ చాచి, "అయ్యబాబోయ్! నా వడియాలు! పట్టండి, పట్టండి!" అని గెంతుతున్నారు. పుట్టగొడుగుల వాళ్ళు తొట్లు వదిలేసి పరిగెత్తుకొచ్చి, దోసిళ్ళతో, కొంగులతో, టోపీలతో పట్టారు. ఒకాయన రెండు కాళ్ళ మధ్య కూడా ఒకటి పట్టాడు. దాన్ని ఎవరూ తీసుకోలేదు.

మధుర నేల మీద కూర్చుని, నెత్తిన వడియాలతో, నవ్వు ఆపుకోలేకపోతోంది. నాకూ ఆగలేదు. గోడ పట్టుకుని నవ్వాను. ఇంతగా ఎప్పుడు నవ్వానో గుర్తులేదు. జపమాల ఎక్కడ ఆగిందో కూడా తెలియలేదు.

అప్పుడు చూశాను. దాని చొక్కా ముందు జేబులో ఒక సంచి చిరిగింది. అందులోంచి ధార కట్టి జారుతున్నది ఇసుక కాదు. నల్లటి పొడి. వేలితో తీసి చూశాను. ఇనప రజను.

వర్క్‌షాపులో ఇనుము కోసేది మా ఇంట్లో ఒక్కడే.

మధుర లేవబోయి, కుడికాలు మోపలేక మళ్ళీ కూర్చుంది. నవ్వు అక్కడితో ఆగింది.

పరీక్షకు 18 రోజులు

డాక్టరు ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. పగులు వచ్చే దాకా వచ్చింది. రెండు వారాలు చొక్కా ముట్టుకోకూడదు.

రెండు చొక్కాలూ బల్ల తూకంలో వేశారు. నాది ముప్పయ్యే, మధురది యాభై ఎనిమిది కిలోలు. మధుర ముప్పై అనుకుని మోసింది. శేషగిరి ప్రతి సాయంత్రం ఒక్కో సంచిలో ఇసుక తీసి ఇనప రజను పోశాడు. సంచి లావు పెరగదు కాబట్టి మాకు తెలియలేదు.

"ఎందుకు చేశావురా?" అని అడిగాను.

శేషగిరి తల వంచుకున్నాడు. "దానికి నలభై రోజులు చాలవనిపించిందక్కయ్యా. తెలిస్తే భయపడుతుంది, తెలియకుండా గట్టిపడితే... పరీక్ష నాడు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నా."

"ఆశ్చర్యపడ్డాను," అంది మధుర. మంచం మీంచి దిండు తీసి వాడి మీదకి విసిరింది. దిండు నెమ్మదిగా వెళ్ళింది. వాడు తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. ముఖానికి తగిలేదాకా నిలబడ్డాడు.

డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. "ఏ రోజుకి ఎంత మోస్తున్నారో ఆమెకి తెలియాలి. నొప్పి అబద్ధం చెప్పదు. మీరు తూకంతో అబద్ధం చెప్పించారు," అన్నారు.

కాసేపటికి మధుర నెమ్మదిగా అంది: "అంటే నాది పెద్దతనం కాదన్నమాట."

"కాదు," అన్నారు డాక్టరు. "చాలా గట్టి మనిషి మీరు. అందుకే ఇన్ని రోజులు మోశారు."

మధుర ముఖం వెలిగింది. కాలు చూసుకుంటే మళ్ళీ ఆరింది.

పరీక్షకు 10 రోజులు

నాది ముప్పై ఆరు కిలోలు, అరగంట. నొప్పి లేదు. నా సంచులు నేనే నింపి నేనే తూచుకుంటున్నాను.

మధుర కుర్చీలో కూర్చుని చేతులకీ నడుముకీ వ్యాయామం చేస్తోంది. రోజూ ప్రణవితో మాట్లాడుతోంది. కాలి సంగతి చెప్పలేదు. "పరీక్ష అయ్యాక చెబుతా. గట్టెక్కితే నవ్వుకుంటూ చెబుతా, లేకపోతే అప్పుడు చూద్దాం," అంది.

దేవుడి అర ముందు నేను అడిగింది ఒక్కటే. దాని కాలు.

పరీక్షకు 4 రోజులు

మధుర కాలు మోపి ఇల్లంతా తిరిగింది. నొప్పి లేదంది. నిజంగానే లేదంది. మళ్ళీ అడిగితే, "కొంచెం," అంది. రాశాను. ఈసారి వద్దనలేదు.

పరీక్ష రోజు

రంకులరాట్నం రెండు చివర్లా రెండు గదులు. ఒక్కో గదిలో పట్టుకోవడానికి కడ్డీ, మెట్ల యంత్రం. మధుర ఒక దాంట్లో, నేను ఇంకో దాంట్లో. మధ్యలో స్పీకరు. డాక్టరు గారు బయట నుంచి, "తల పక్కకి తిప్పకండి. తిప్పితే లోకం తిరుగుతుంది," అన్నారు.

తిరగడం మొదలైంది. ముందు పాదాలు గుర్తొచ్చాయి. తర్వాత మోకాళ్ళు. తర్వాత బుగ్గలు కూడా కిందికి జారుతున్నట్టయింది. మనిషి ఇంత బరువుంటాడా అనిపించింది.

"అక్కయ్యా!" స్పీకర్లో మధుర. "నా జడ! జడ నన్ను వెనక్కి లాగుతోంది!"

"తల తిప్పకు."

"తిప్పాను. లోకం నిజంగానే తిరుగుతోంది. భలే ఉంది! అక్కయ్యా, ఇద్దరు మధురలు నిలబడ్డారు ఇక్కడ!"

"ఇద్దర్నీ నిలబడమను."

అది ఒకటే నవ్వు. నాకూ లోపల ఏదో తేలిపోతున్నట్టుంది, ఒళ్ళంతా బరువుగా ఉన్నా. నాలుగు మాలలు తిప్పాను. అరగంట. ఇద్దరం నిలబడ్డాం.

తర్వాత మెట్లు. పదిదాకా మధుర గట్టిగా లెక్కపెట్టింది. ఇరవై దగ్గర గొంతు తగ్గింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు. అడుగుకీ అడుగుకీ మధ్య ఎక్కువసేపు పడుతోంది. ముప్పై ఒకటి అని ఆగింది.

"అక్కయ్యా. కాలు చెబుతోంది."

ఇంకో తొమ్మిది మెట్లు. తొమ్మిదే. నేను ఎక్కించలేను, మొయ్యలేను. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

"విను," అన్నాను.

చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. తర్వాత, "ఆగుతున్నాను. నువ్వు ఆగకు. ఎక్కు."

నాకు నలభై మెట్లు ఎక్కాలని లేదు. అది చెప్పింది కాబట్టి ఎక్కాను. మాల పక్కన పెట్టేశాను. మధుర తను ఎక్కడం మానేసి నా మెట్లు లెక్కపెట్టింది. ముప్పై రెండు నుంచి గొంతు పెంచుకుంటూ పోయింది. ముప్పై తొమ్మిదికి అరుస్తోంది. నలభైకి ఏడుస్తోందో నవ్వుతోందో స్పీకర్లో తెలియలేదు.

బయటికి వస్తే మళ్ళీ ఒళ్ళు దూదిపింజ. శేషగిరి మధురని ఎత్తుకున్నాడు. అది వాడి జుట్టు పట్టుకుని గట్టిగా లాగింది. వాడు "లాగు, ఇంకా లాగు," అన్నాడు.

సాయంత్రం అందరం వంటగదిలో కూర్చున్నాం. ప్రణవి తెర మీద ఉంది. మధుర కాలి సంగతి, ఇనప రజను సంగతి, వడియాల సంగతి అన్నీ చెప్పింది. ప్రణవి కడుపు పట్టుకుని నవ్వింది.

ఓడలో ఇంటికి ఒకటే చోటు. ఎల్లుండి బయల్దేరుతుంది. ఆ తర్వాతి ఓడ ఇరవై ఎనిమిది రోజులకి. దానికి ముందు మళ్ళీ పరీక్ష ఉంటుంది. అప్పటికి కాలు నయమవుతుందని డాక్టరు గారు రాసిచ్చారు.

"పెద్దమ్మ వస్తే నాకు సంతోషమే. కానీ అమ్మా..." అంది ప్రణవి.

ఇదీ మేం నిర్ణయించుకున్నది. పురుడుకి నేను వెళ్తాను. బాలసారె ఇరవై ఒకటో రోజున కాకుండా, మధుర వచ్చాకే చేస్తారు. ప్రణవి అత్తవారిని తనే ఒప్పిస్తానంది. మధుర రేపటి నుంచి కూర్చుని వ్యాయామం, కాలు నయమయ్యాక పద్దెనిమిది కిలోలతో మళ్ళీ మొదలు. సంచులు నింపేది డాక్టరు గారు. శేషగిరి దూరంగా నిలబడి చూడొచ్చు.

ఒక షరతు మధుర పెట్టింది. బిడ్డ పుట్టాక తెర మీద చూపించకూడదు. ఫొటో పంపకూడదు. క్షేమమని మాత్రం చెప్పాలి. ఆడపిల్లో మగపిల్లాడో, ముక్కు ఎవరిదో, జుట్టుందో లేదో, తను వచ్చి తన చేతుల్లోకి తీసుకునేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మొదటిసారి తనే చూడాలి.

"అన్నాళ్ళు చెప్పకుండా ఉండడం ఎవరి వల్ల అవుతుంది?" అన్నాడు శేషగిరి.

ముగ్గురూ నా వైపు చూశారు.

సరే అన్నాను.